పండగ బల్ల దగ్గర ఒక మాట

మా ఇంట్లో క్రిస్మస్ భోజనానికి ఒక కట్టడి ఉంది. బల్ల మీద అన్నీ సర్ది, ప్రార్థన చేసుకున్నాక కూడా ఎవరూ ముద్ద నోట పెట్టకూడదు. ఆ ఏడాది దేవుడు తనకు చేసిన మేలు ఒక్కటి ప్రతి మనిషీ పైకి చెప్పాలి. చెప్పి చివర "స్తోత్రం" అనాలి. అందరిదీ అయ్యాకే వడ్డన. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పకూడదు. "అందరం ఆరోగ్యంగా ఉన్నాం" అన్నది ఒక్కసారే చెల్లుతుంది, అది ఇంటి పెద్ద వంతు. మిగిలినవాళ్ళు బుర్ర పెట్టి వెతుక్కోవలసిందే.

ఈ కట్టడి పెట్టింది మా ఆయన. కర్ర మిల్లులో పని చేసేవారు. బల్ల కూడా ఆయన చేసిందే. మిల్లులో పనికిరావని పక్కన పడేసిన పడాక్ చెక్కలు అడిగి తెచ్చుకుని, సెలవు రోజుల్లో కూర్చుని చేశారు. ఎర్రటి చెక్క, ఇనుమంత బరువు. అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్ డిగ్నాబాద్ పేటలో మేము ఇల్లు మారినప్పుడల్లా దాన్ని ఎత్తడానికి నలుగురు మగవాళ్ళు కావలసి వచ్చేది. నేల మీద కూర్చుని తినేవాళ్ళకు బల్ల ఎందుకని నేను సణిగాను. "ఏడాదికి ఒక్కరోజైనా అందరి మొకాలు అందరికీ కనపడాల కదే," అన్నారాయన.

ఆయనది శ్రీకాకుళం మాట, దాని మీద దీవుల హిందీ. ప్రార్థన ముగియగానే అరచేత్తో బల్ల మీద ఒక్కటి కొట్టి "చలో, చాలూ!" అనేవారు. మొదలుపెట్టండి అని. ఫ్యాను చాలూ, మోటారు చాలూ, బండి చాలూ. పోర్ట్ బ్లెయిర్‌లో ఏ భాషవాళ్ళైనా ఆ మాట వాడతారు. చెప్పడం ఇంట్లో చిన్నవాళ్ళతో మొదలయ్యేది. ఒకరిది కాగానే తర్వాతివాళ్ళ వైపు చూసి మళ్ళీ "చాలూ" అనేవారు. ఆయన పోయాక ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. బల్ల మీద కొట్టడం నాకు రాలేదు గాని, ఆ మాట మాత్రం నేనూ అంటూ వచ్చాను.

నా చేతి పండగ పొదుపు పండగే. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఓడ దిగితేనే దొరికే ఊరు కాబట్టి, నవంబరులోనే తెచ్చి ఆరబెట్టి దాచేదాన్ని. కొబ్బరి పెరట్లోదే. అందుకని కజ్జికాయల నిండా కొబ్బరి ఉండేది, జీడిపప్పు పేరుకు మాత్రం ఉండేది. గులాబీ పువ్వులు వేయించిన నూనెను వడకట్టి పలావుకు వాడేదాన్ని. "అమ్మ కేకులో ఎండుద్రాక్ష దొరికినోళ్ళకి బహుమానం ఇవ్వాల," అని నా కూతురు మొగుడితో అనేది, నాకు వినపడేలాగే. అననీ అనుకునేదాన్ని. ఏ పండగకూ నా ఇంట్లో ఒకరి కడుపూ ఖాళీగా లేదు, ఒక మెతుకూ చెత్తలోకి పోలేదు.

నా కొడుకు హిందీ మాట్లాడే ఇంటి పిల్లను చేసుకున్నాడు. ఊళ్ళోనే మిడిల్ పాయింట్ పేట పిల్ల. వాళ్ళ తాత అడవి పనికి రాంచీ నుంచి వచ్చినవాడు. వాళ్ళూ విశ్వాసులే, ఆరాధన హిందీలో. వచ్చిన మొదటి రోజే నన్ను "మాజీ" అని పిలిచింది. మూడో తరగతితో బడి మానేసినా, తెలుగు పేపరు దొరికితే నేను అక్షరం వదలను. పేపర్లో మాజీ మంత్రి, మాజీ సర్పంచి అని రాస్తారు. నా కొడుకును వంటింట్లోకి పిలిచాను.

"ఏటిరా, నేనింకా పదవిలోనే ఉన్నాను. మీ ఆవిడ అప్పుడే మాజీని చేసేసిందేటి?"

వాడు పొలమారేదాకా నవ్వాడు. "అది గౌరవమే అమ్మా. వాళ్ళల్లో అమ్మగారూ అన్నట్టు."

ఆ పిల్ల తెలుగు చెవితోనే నేర్చుకుంది, చదవడం రాదు. మొదటి క్రిస్మస్‌కు తన వంతు వచ్చినప్పుడు బెదురుతూ లేచి నిలబడింది. "మాజీ నన్ను రోజుకి ఒక్కసారే తిడతారు. స్తోత్రం," అంది. మా ఆయన అప్పటికింకా ఉన్నారు. ఆయన నవ్వుకు బల్ల మీది గ్లాసులు కదిలాయి. నేను నవ్వలేదు గాని, చేప తల ఆ పిల్ల కంచంలోనే వేశాను.

నా కొడుకు హార్బర్లో లాంచీ నడిపేవాడు. కిందటేడాదికి ముందటి ఏడాది వానాకాలంలో కడుపులో నొప్పి అన్నాడు. గడ్డ అన్నారు. ఇక్కడ కాదని చెన్నైకి రిఫర్ చేశారు. కోడలు వాడితో విమానంలో వెళ్ళింది. మనవరాలికి అప్పుడు ఎనిమిదేళ్ళు, నా దగ్గరే ఉంది. రెండు వారాలు గడిచాక ఒక పొద్దున కోడలు ఫోన్ చేసింది.

"మాజీ, జల్దీ రండి. మిమ్మల్ని అడుగుతున్నారు. ఫ్లైట్‌లో రండి."

"శుక్రవారం ఓడ ఉంది. అందులో వస్తాను."

"ఓడ వద్దు మాజీ, ఫ్లైట్‌లో..."

"విమానానికి పోసేది వాడి మందులకొస్తుంది. నాలుగు రోజులు ఓపిక పట్టలేవా?"

ప్రాణం మీదికి వచ్చిందని తను చెప్పలేదు, నేను అడగలేదు. నా జన్మంతా అలాగే నడిపాను. ఓడ ఉండగా విమానం ఎందుకు, నడిచే దారి ఉండగా ఆటో ఎందుకు. ఆ రోజు అది తెలివే అనుకున్నాను. పిల్లను కూతురింట దింపి, అటుకులు, బెల్లం మూట కట్టుకుని ఓడ ఎక్కాను. కింది అంతస్తులో పడక. దారిలో గాలి లేచింది. మూడు రోజుల్లో చేరవలసిన ఓడ నాలుగో రోజు చేరింది. సముద్రం మధ్య ఫోను పలకదు.

చెన్నైలో ఓడ దిగి గేటు బయటికి వచ్చాను. కోడలు ఒక్కతే నిలబడి ఉంది. చేతిలో ప్లాస్టిక్ సంచి. అందులో వాడి కళ్ళజోడు, చెప్పులు ఉన్నాయి. ముందు రోజు పొద్దున పోయాడు. ముఖం చూశాను. అక్కడే మట్టి చేశాం. ఇంటికి విమానంలోనే వచ్చాం. రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ కిటికీలోంచి కిందికి చూస్తూ కూర్చున్నాను. నాలుగు రోజులు పట్టిన నీళ్ళు గబగబా వెనక్కి పోతున్నాయి.

కోడలు, మనవరాలు నా దగ్గరే ఉన్నారు. ఆఖరి రోజుల్లో ఏం జరిగిందో నేను అడగలేదు. తను రెండు మూడుసార్లు నోరు తెరవబోయింది. బియ్యంలో రాళ్ళు ఉన్నాయనో, పిల్ల బడి బట్టలు ఉతకాలనో చెప్పి నేను లేచిపోయాను. వినడం మొదలుపెడితే నా శుక్రవారం ఓడ దగ్గరికి రావాలి మరి.

డిసెంబరు వచ్చింది. ఈ ఏడు పండగ వద్దు అంది నా కూతురు. "మీ నాన్న పోయిన ఏడు మానేశామా? దేవుడితో అలగడం ఉండదు," అన్నాను. పిండివంటలు చేశాను. పలావు, కోడికూర, వంజరం పులుసు చేశాను. ఆరాధన ముగిసి గుడి నుంచి వచ్చాక బల్ల చుట్టూ అయిదుగురం కూర్చున్నాం. నేను, కూతురు, అల్లుడు, కోడలు, మనవరాలు. నా కొడుకు కుర్చీ తీయించలేదు.

మనవరాలు మొదలుపెట్టింది. బడిలో డ్రాయింగ్‌కి బహుమతి వచ్చిందంది. అల్లుడు స్కూటర్ మీద నుంచి పడినా దెబ్బ తగల్లేదన్నాడు. కూతురు ఏదో గొణిగింది. తర్వాత కోడలి వంతు.

తను కంచం వైపే చూస్తూ కూర్చుంది. గిన్నెలో పలావు మీద ఆవిరి తగ్గిపోయింది. నాకు జాలేసింది. ఇది రాయడం నాకు సులువు కాదు, కాని నిజంగానే జాలేసింది. ఈ పిల్లను ఈ ఏడు వదిలేద్దాం, చెప్పనక్కరలేదు అనుకున్నాను. నాకూ ఏడుపు ముంచుకొచ్చింది. "చాలు" అన్నాను.

తను తలెత్తి నన్ను చూసింది. నేను చెంప మీద కొట్టినట్టు చూసింది. తర్వాత మెల్లగా మొదలుపెట్టింది.

"ఆ రోజు పొద్దున... ఊపిరి ఆగిపోయింది కదా ఆయనకి. అంతకు ముందు చాలా దర్ద్ మాజీ, చాలా. అరిచేవారు. ఆగిపోయాక నాకు మంచిగా అనిపించింది. ఇంక నొప్పి ఖతం అని. దానికి స్తోత్రం."

నా ఒంట్లో రక్తం అంతా తలకెక్కింది. "నా బిడ్డ చావుకి స్తోత్రమా? నా బల్ల దగ్గర కూర్చుని?"

"అత్తా, ఒగ్గీండి, పోనీండి," అన్నాడు అల్లుడు.

"మీరే కదా చెప్పమన్నారు," అంది కోడలు.

"నేనా? నేను చెప్పమన్నానా? ఎంత పొగరే నీకు! మొగుడు పోయినందుకు హాయిగా ఉందని నేను చెప్పమన్నానా?"

తను లేచి చేయి కడుక్కుంది. తినని చేతిని కడుక్కుంది. పిల్ల చేయి పట్టుకుని గుమ్మం దాటింది. వీధిలో ఆటో ఆగిన చప్పుడు, కదిలిన చప్పుడు విన్నాం. ఎవరూ తినలేదు. ఆ పలావు నేను ఒక్కదాన్నే మూడు రోజులు వేడి చేసుకుని తిన్నాను. పారెయ్యలేదు.

వాళ్ళు మిడిల్ పాయింట్‌లో కోడలి తల్లి దగ్గర ఉండిపోయారు. పిల్ల ఆమెను నానీ అంటుంది. కోడలు ఒక బట్టల షాపులో పనికి కుదిరింది. మనవరాలిని మాత్రం ప్రతి ఆదివారం గుడికి పంపేది. గుడి అయ్యాక పిల్ల నా దగ్గర అన్నం తిని, సాయంత్రం వెళ్ళేది. ఆ ఒక్క పని తను ఏ ఆదివారమూ తప్పలేదు. నేనే గుమ్మం దాటి వెళ్ళలేదు. ఏడాది కావచ్చింది. "పండక్కైనా పిలువే అమ్మా," అని కూతురు పోరింది. "నా కొడుకు చావుకి స్తోత్రం చెప్పిన నోటితో నా బల్ల మీద ఎలా తింటది?" అన్నాను. అంటూనే, ఆ బల్ల చుట్టూ నా కొడుకు రక్తం ఒక్క చుక్కయినా లేని క్రిస్మస్ ఎలా ఉంటుందోనని లోపల భయపడ్డాను. పిల్లను ఒక్కదాన్నే పంపమంటే పంపుతుందేమో. పండగ పూట తల్లి నుంచి విడదీసి తెచ్చుకునేంత నీచురాలిని కాను.

నవంబరులో ఒక ఆదివారం. ఎండ, ఉక్క. పిల్లకు పప్పు వేస్తున్నాను.

"చాలు నానమ్మా, చాలు."

గరిటె పక్కన పెట్టి చెమట తుడుచుకున్నాను. "అలాగే ఆ ఫ్యాను చాలూ చెయ్యి."

పిల్ల కిలకిలా నవ్వింది. "నానమ్మా, ఒక చాలు బస్, ఆపమని అంట. ఒక చాలూ స్టార్ట్ అంట. మమ్మీ కూడా అట్లే గడ్‌బడ్ అయింది."

"ఏ గడ్‌బడ్?"

"క్రిస్మస్‌కి. మమ్మీ నానీతో చెప్పింది, నేను విన్నాను. 'నేను చెప్పేదాన్ని కాదు, మాజీ చాలూ అన్నారు, అందుకే చెప్పాను' అని. ఫిర్ నానీ ఏడ్చింది." పిల్ల పప్పు కలుపుకుంటూ ఉంది. "నానమ్మా, నెయ్యి?"

నెయ్యి వేశాను. ఎంత వేశానో చూసుకోలేదు. పిల్లే గిన్నె వెనక్కి లాక్కుంది.

మా అమ్మ "సాలు" అనేది. మా ఆయనా "సాలు" అనేవారు, మా వైపు అందరూ అంతే. బైబిలు చదివేదాన్ని కాబట్టి, నేను మాత్రం పట్టుబట్టి అక్షరం పలికి "చాలు" అనేదాన్ని. ఇంట్లో పిల్లల చేతా అలాగే అనిపించాను. నేనూ "సాలు" అనే ఉంటే అది "చాలూ"లా వినపడేది కాదు. ఆ రోజు ఏడుపు అడ్డుపడి మాట చివర సాగిపోయింది. అదే కుర్చీలోంచి, ప్రతి ఏడూ వంతు వచ్చినప్పుడు అనే మాటే తన చెవిన పడింది. నేను ఆపమన్నాను. తను మొదలుపెట్టమన్నారనుకుంది. అత్తగారు ఇంత దుఃఖంలోనూ కట్టడి తప్పనివ్వదని, అందరి ముందూ నోరు తెరిపిస్తోందని అనుకుంది. కట్టడి దగ్గర నేను ఎవరినీ వదలనని తనకు తెలుసు కాబట్టే, లోపల ఉన్నదాన్ని తీసి బల్ల మీద పెట్టింది.

షాపుకు సెలవు రోజు చూసుకుని మిడిల్ పాయింట్ వెళ్ళాను. ఆటోలోనే వెళ్ళాను. మెట్ల మీద రెండు గదుల ఇల్లు. వియ్యపురాలు తలుపు తీసి, "ఆయియే దీదీ," అని కుర్చీ జరిపి, టీ పెట్టే వంకతో లోపలికి వెళ్ళిపోయింది. పిల్ల బడికి వెళ్ళింది. కోడలు కిటికీ దగ్గర బట్టలు మడత పెడుతోంది. లేచి నిలబడింది.

"కూర్చో," అన్నాను. తను కూర్చోలేదు. నేనూ నిలబడే చెప్పాను. "ఆ రోజు నేను నిన్ను ఆపమన్నాను. చాలు అన్నాను. చెప్పక్కర్లేదని."

"తెలుసు మాజీ."

"తెలుసా?"

"ఆటోలో తెలిసింది. మీ ముఖం యాద్ వచ్చింది. మీరు ఏడుస్తున్నారు. మొదలుపెట్టు అనేవాళ్ళు ఏడవరు కదా."

"మరి ఏడాదిగా ఎందుకు రాలేదు?"

తను చేతిలోని చొక్కా మడత విప్పి మళ్ళీ పెట్టింది. "మీరు ఏది అన్నా, నేను చెప్పింది సచ్ మాజీ. నాకు నిజంగా అట్లే అనిపించింది. అది వెనక్కి తీసుకోవాలంటే నాకు రాదు. తీసుకోకపోతే మీరు నన్ను చూడలేరు."

నాకు చూడబుద్ధి కానిది తనను కాదు. వాడు అరిచినప్పుడు నేను ఓడలో అటుకులు తింటున్నాను. వాడి నొప్పి ఆగినందుకు సంతోషించే హక్కు, ఆ నొప్పి పక్కన కూర్చున్నవాళ్ళది. నాకు ఆ హక్కు లేదన్న కోపం తన మీద పోశాను. ఇదంతా అక్కడ చెప్పలేకపోయాను. చెప్పడం నాకు రాదు. "సరే, ఇప్పుడు చెప్పు. నేను ఓడ ఎక్కిన దగ్గర్నుంచి చెప్పు. లేచిపోను," అని కుర్చీలో కూర్చున్నాను.

చెప్పింది. చాలాసేపు చెప్పింది. మధ్యలో టీ వచ్చింది, చల్లారింది. అన్నీ రాయను. వాడు రోజూ అడిగేవాడట, ఓడ ఎక్కడిదాకా వచ్చిందని. లాంచీ నడిపినవాడు కదా, గాలి లేచిందని వార్తల్లో విని, "ఇంక ఒక రోజు ఆలస్యం అయిపోద్ది," అని వాడే లెక్క కట్టాడట. ఆఖరి పొద్దున కళ్ళు తెరిచి, "అమ్మ వచ్చిందా?" అన్నాడట.

"నేను అబద్ధం చెప్పాను మాజీ. ఓడ దిగిపోయారు, ఆటోలో వస్తున్నారు అన్నాను."

"వాడేమన్నాడు?"

"నవ్వారు. 'ఆటో ఎక్కిందా అమ్మ! నడిచి రాలేదా!' అన్నారు." కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తర్వాత అరవలేదు. గంట కూడా ఉండలేదు."

నేను ఇద్దరు పిల్లల్ని అబద్ధమాడితే మూతి మీద కొట్టి పెంచినదాన్ని. ఆ కుర్చీలో కూర్చుని ఎంతసేపు ఏడ్చానో తెలియదు. వియ్యపురాలు వచ్చి చల్లారిన టీ తీసుకెళ్ళి మళ్ళీ వేడి చేసి తెచ్చింది. తాగాను. లేచేటప్పుడు, "పండక్కి రండి," అన్నాను. తను మళ్ళీ బట్టలు మడత పెట్టడం మొదలుపెట్టింది.

క్రిస్మస్ రోజు గుడి నుంచి వచ్చి అయిదు కంచాలు పెట్టాను. పన్నెండున్నర దాటాక వచ్చారు. తను నేరుగా వంటింట్లోకి వెళ్ళి నీళ్ళ కూజా నింపి తెచ్చింది, ఎప్పటిలాగే. కూర్చున్నాం. ఈసారి నేను "చాలూ" అనలేదు. మనవరాలి వైపు చూశాను, అంతే. ఈత వచ్చిందని పిల్ల చెప్పింది. అల్లుడు, కూతురు చెప్పారు. కోడలు కంచం వైపు చూస్తూనే, "షాపులో పని పక్కా అయింది. స్తోత్రం," అంది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

మిగిలింది నేను. "అందరం ఆరోగ్యంగా ఉన్నాం" నా వంతు మాట. ఈసారి అది నా నోట రాలేదు.

"నేను ఆటోలో వస్తున్నానని నా కోడలు నా కొడుకుతో అబద్ధం చెప్పింది. వాడు నమ్మాడు. స్తోత్రం."

కూతురు చప్పున నా వైపు తిరిగింది. దానికి ఆ సంగతి తెలియదు.

"మమ్మీ ఝూట్ బోలీ?" అంది పిల్ల, కళ్ళు పెద్దవి చేసి.

"తర్వాత చెప్తాను," అంది కోడలు. లేచి వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపు కుళాయి నీళ్ళు పోయిన చప్పుడు వచ్చింది. నీళ్ళు అలా పోతుంటే నేను ఎన్నడూ ఊరుకోలేదు. ఆ రోజు ఊరుకున్నాను. తను ముఖం కడుక్కుని వచ్చి, గరిటె అందుకుని అందరికీ వడ్డించింది. నాకు కూడా.

నాలుగింటికి బయల్దేరారు. ఉండిపొమ్మని నేను అడగలేదు. అడిగినా ఉండేది కాదని తెలుసు. అక్కడ తనకు పని ఉంది, తల్లి ఉంది. ఇక్కడ ప్రతి గదిలో వాడు ఉన్నాడు. పిల్ల చేతికి కజ్జికాయల డబ్బా ఇచ్చాను. వీధి చివర ఆటో మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడ్డాను. వాడి లెక్కలో నేనింకా ఆ చెన్నై ఎండలో, ఆటోలో వస్తూనే ఉన్నాను. లోపలికి వచ్చి, మిగిలిన పలావు మీద మూత పెట్టాను.